మా అక్క ఎంచిన రెండో రెగ్యులేటర్

సముద్రంలోకి దిగడం నేర్చుకునేనాటికి నాకు నలభై ఒకటి, మా అక్కకు నలభై ఆరు. నేను నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అక్క అదే ఊళ్లో ఆసుపత్రి నర్సు. ఒక వేసవిలో విశాఖపట్నం వెళ్లినప్పుడు సరదాకి సిలిండర్ వీపున కట్టుకుని ఒకసారి నీళ్లలోకి దిగాం. ఆ సరదా మమ్మల్ని వదల్లేదు. మరుసటి ఏడాది వెళ్లి శిక్షణ కూడా పూర్తిచేశాం.

ఎవరెవరో వాడిన అద్దె సామాను నోట్లో పెట్టుకోవడం అక్కకు నచ్చలేదు. సొంత రెగ్యులేటర్లు కొనుక్కుందామంది. సిలిండర్లోని గాలి ఒత్తిడిని తగ్గించి, గొట్టం ద్వారా నోటికి అందించేదే రెగ్యులేటర్. నోట్లో పెట్టుకునే భాగాలు దానికి రెండుంటాయి. ఒకటి మనకు. రెండోది, పక్కవాళ్లకు గాలి అయిపోతే ఇవ్వడానికి, లేదా మనదే మొరాయిస్తే వాడుకోవడానికి. మొదటిది పది నిమిషాల్లో తేల్చేశాం. రెండోదాని దగ్గర నెల రోజులు వాదించుకున్నాం.

అందరూ వాడే పసుపుపచ్చదే తీసుకుందామన్నాను నేను. అది ఛాతీ మీద క్లిప్పుకి వేలాడుతుంటుంది. గాలి అయిపోయిన మనిషి దగ్గరికొచ్చి సైగ చేస్తే, దాన్ని తీసి అందిస్తాం. కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. డ్యూటీ దిగి వచ్చిన అక్క అంతా ఓపిగ్గా విన్నది.

"ఏమే, ఊపిరాడనోడు సైగలు చేస్తాడా?" అంది.

వాళ్ల వార్డులో జరిగింది చెప్పింది. గురజాల వైపు నుంచి ఒక పెద్దాయన్ని ఆయాసంతో తీసుకొచ్చారట. తను ఆక్సిజన్ మాస్కు సిద్ధం చేసేలోపే ఆయన పక్క మంచం మీది మనిషి ముఖానికున్న మాస్కు పీక్కున్నాడట.

"మంచోడే పాపం. తర్వాత చానా సిగ్గుపడ్డాడు. పక్కన ఇంకోటుందని ఆ టైములో ఎవురికి కనపడుద్ది? ఎదుటోడు పీలుస్తుంది ఏదో దాని మీదికే చెయ్యి పోద్ది."

కాబట్టి లాక్కునేది మన నోట్లోదాన్నే అనుకోవాలంది. దానికే పొడుగు గొట్టం ఉండాలి. మనకు మిగిలే రెండోది, వెతక్కుండా దొరికేలా గడ్డం కిందే ఉండాలి. ఫోన్ చేసి అడిగితే మా శిక్షకుడు కూడా, కొందరు సరిగ్గా అలాగే అమర్చుకుంటారని చెప్పాడు. నోట్లోదానికి ఐదడుగుల గొట్టం, రెండోది మెడలో రబ్బరు తాడుకి. కానీ చేతులకు అలవాటయ్యేదాకా సాధన చెయ్యమన్నాడు. నీళ్లలోకి దిగేముందు పక్కవాళ్లకు ఆ అమరిక చూపించడం మరిచిపోవద్దన్నాడు.

సామాను వచ్చాక హాల్లో చాప మీద పరిచి కూర్చున్నాం. పక్కింటి పిన్ని తొంగిచూసి, పత్తికి మందుకొట్టే పంపు కొన్నారా అని అడిగింది. ఆదివారాలు గుంటూరు వెళ్లి ఈతకొలనులో కళ్లు మూసుకుని, నోట్లోది వదిలేసి రెండోది అందుకోవడం సాధన చేశాం. మొదటిసారి ఆ రెండోదాన్ని తలకిందులుగా నోట్లో పెట్టుకుని నీళ్లు మింగాను. నలుగురు పిల్లలు నవ్వారు. అక్క నవ్వలేదు, మళ్లీ చెయ్యమంది.

ఆ చలికాలం విశాఖలో పడవ మీద మాతోపాటు కొత్తగా నేర్చుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. నలభై అడుగుల లోతులో చేపల గుంపును చూస్తుంటే, అతను పక్కనుంచి వచ్చి నా నోట్లోది ఒక్కసారిగా లాగేశాడు. అతని సిలిండర్లో గాలి అయిపోయింది. సైగ లేదు. అద్దం వెనక కళ్లు మాత్రం కనిపించాయి. నా చెయ్యి దానంతటదే గడ్డం కిందికి వెళ్లింది. రెండోది దొరికింది. నోట్లో పెట్టుకుని, నీళ్లు బయటికి ఊది, గాలి పీల్చాను. అప్పటికే అక్క అతని సిలిండర్ పట్టీ పట్టుకుని, మెల్లగా పీల్చమని చేత్తో చూపిస్తోంది. గొట్టం పొడుగ్గా ఉండబట్టి ఒకరినొకరు తన్నుకోకుండా ముగ్గురం నెమ్మదిగా పైకి వచ్చాం.

పడవెక్కాక నాకు కోపం వచ్చింది. గాలి ఎంతుందో చూసుకోనక్కర్లేదా అని గట్టిగానే అన్నాను. అతను తల ఎత్తలేదు. సారీ మేడమ్, సారీ మేడమ్ అని అదే అంటున్నాడు. అక్క నా వైపు ఒక చూపు చూసి, ఫ్లాస్కులోంచి టీ పోసి అతని చేతికిచ్చింది.

"తాగు బాబూ. ఊపిరి కోసం లాక్కున్నావు. అందులో సిగ్గుపడేదేం లేదు."

అతను కప్పు పట్టుకుని ఏడ్చేశాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. నా తువ్వాలు తీసి అతని భుజాల మీద కప్పాను.

ఇక వాళ్లూరు వెళ్లిపోతాడనుకున్నాం. మర్నాడు పొద్దున పడవ దగ్గరికి వెళ్లేసరికి అక్కడే నిలబడి ఉన్నాడు. ఎక్కాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నట్టున్నాడు. అక్క బల్ల మీద జరిగి చోటిచ్చింది. అతను ఎక్కి, మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు.