కరివేపాకు కొమ్మకు కాపలా

మా వదిన పోయిందని శుక్రవారం పొద్దున సూర్యాపేట దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అక్క ఇగ లేదు" అన్నారు.

భర్త పోయాక ఆమె కోదాడలో మా ఇంట్లోనే ఉంది. మిర్యాలగూడ రూట్లో చాలా ఏళ్లు బస్సు కండక్టరుగా చేసింది. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరు దిగకుండా దాక్కున్నారో వదలకుండా చూసే కళ్లు ఆమెవి. కిడ్నీలు చెడిపోయి ఉద్యోగం మానేశాక ఆ చూపు మా చిన్న పెరటి మీద పడింది. నీళ్లు కొలిచి తాగాలి కనుక సగం గ్లాసు టీ పట్టుకుని, దాన్నే గుక్క గుక్కగా తాగుతూ చెట్ల దగ్గర కూర్చునేది.

ఒకరోజు కరివేపాకు మీద పిట్ట రెట్ట ఉందని దులపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"రెట్ట కాదే పిల్లా, గొంగళిపురుగు. పిట్టలు తినకుండ ఏషమేసింది. టికెట్ లేనోడు నిద్రపోయినట్టు నటిస్తడు సూడు, గట్లనే."

అప్పటి నుంచి చారులోకి నాలుగు రెబ్బలు కావాలన్నా ఆమెనే అడగాలి. "ఆ కొమ్మ ముట్టకు, ఈ కొమ్మ తెంపుకో" అనేది. ఏళ్ల తరబడి ఆ పెరట్లో బట్టలు ఆరేశాను కానీ, అక్కడ ఏముందో చూడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు సూర్యాపేట వెళ్లాలి. ఆలస్యమైతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఆమె పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. రెండు మాటలకే ఆయాసం. గేటు ముందు కిరాయి కారు హారన్ కొడుతోంది. అప్పుడే కరివేపాకు కొమ్మకు అంటిపెట్టుకుని ఉన్న పురుగు గూడు పగిలి, తడిసి ముడుచుకుపోయిన నల్లటి సీతాకోకచిలుక బయటికి వచ్చింది. గోడ మీద కోతుల మంద ఉంది.

"రెక్కలు ఆరేదాక ఎగరలేదురా. నేను రాను" అని వదిన కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"అక్కా, పరేషాన్ చెయ్యకు. మిషన్ పోతే ఏమైతదో తెల్వదా?" అన్నారు మా ఆయన.

"తెల్సు. గుడ్డు కాడి నుంచి సూస్తున్న. ఇప్పుడు కోతి నోట్ల పెట్టి పోవాల్నా?"

ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. "మీరు పోండి వదినా, నేనుంటా" అన్నాను. కోతులంటే నాకెంత భయమో ఆమెకు తెలుసు. నా ముఖంలోకి చూసి కర్ర నా చేతికిచ్చింది.

"దాని కళ్లల్లకు సూడకు. పళ్లు ఇకిలించినా ఎనక్కి జరగకు."

కారు వెళ్లగానే పెద్ద కోతి ఒకటి నీళ్ల డ్రమ్ము మీదికి దూకింది. నేను వెనక్కి జరగలేదు. అది చెయ్యి చాచి కరివేపాకు కొమ్మను గుంజింది. చెట్టంతా ఊగింది. సీతాకోకచిలుక తలకిందులుగా రెబ్బను కరుచుకుంది. నేను డ్రమ్మును కర్రతో బలంకొద్దీ బాదాను. కోతి గోడెక్కింది కానీ పోలేదు. నన్నే చూస్తూ అక్కడే కూర్చుంది.

ఫోన్ మోగింది. మిషన్ దొరికిందని మా ఆయన. వెనకే వదిన గొంతు: "ఉందా?"

"ఉంది వదినా. రెక్కలు విప్పింది."

"ఫోన్ పెట్టు. కోతిని సూడు."

ఎండ గోడ దాటి కొమ్మ మీదికి వచ్చాక అది రెండు మూడుసార్లు రెక్కలాడించి లేచింది. వెనక రెక్కల మీద తెల్లచుక్కల వరుస ఒక్కసారి మెరిసింది. నిమ్మచెట్టు మీదుగా పక్కింటి డాబా దాటిపోయింది. అప్పుడు గానీ నా చేతిలోంచి కర్ర జారలేదు.

మధ్యాహ్నం వదిన వచ్చింది. మంచం దగ్గరికి పోకుండా నా భుజం పట్టుకుని నేరుగా పెరట్లోకే నడిచింది. చేతికి కట్టు, ముఖంలో చెప్పలేని అలసట. నేను జరిగిందంతా చెబుదామని నోరు తెరిచాను. అంతలో ఎక్కడి నుంచో ఇంకో సీతాకోకచిలుక వచ్చి కరివేపాకు లేతచిగురు మీద వాలింది. వదిన గభాలున అరచేత్తో నా నోరు మూసింది. ఆ చేతికి స్పిరిట్ వాసన. సీతాకోకచిలుక పొట్ట వంచి చిగురుకు ఒక గుడ్డు అంటించి, పక్క చిగురుకు జరిగింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఆ ఎండలో అలాగే నిలబడ్డాం.