నాయనమ్మను గాల్లోకి లేపిన మలుపు

పోలీస్ యాక్షన్ ముగిసిన మరుసటి ఏడు సికింద్రాబాద్‌లో మిలిటరీవాళ్లు పాత సామాను వేలం వేశారు. గుడారాలు, బూట్లు, జీపులు, యుద్ధంలో తిరిగి తిరిగి అలసిన మోటారు సైకిళ్లు. రెజిమెంటల్ బజార్‌లో మా పక్క వాటాలో ఉండే మామ ఒకప్పుడు మిలిటరీ డ్రైవరు. మాకు చుట్టమేమీ కాదు, వీధంతా ఆయన్ని మామ అనే పిలిచేది. ఆయన ఆ వేలంలో ఒక మోటారు సైకిలు కొన్నాడు. దానికి ఎడమ పక్కన ఒక చక్రం, దాని మీద ఒక తొట్టి. తొట్టిలో ఒక మనిషి దర్జాగా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. మామకు చూపు మందగించింది, నడిపేవాడు కావాలి. నాకు పంతొమ్మిదేళ్లు, నడపాలని ఒకటే దురద. ఇద్దరికీ కుదిరింది.

కుదరనిది మా నాన్నకు. ఆయన మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. "కాలేజీకి సైకిలుంది. అది చెడితే దేవుడిచ్చిన కాళ్లున్నాయి. ఇంకేం కావాలి నీకు?" అనేవారు. ఇంట్లో నా పక్షాన మాట్లాడింది నాయనమ్మ ఒక్కతే. మనవడి మీద ప్రేమ అనుకునేరు, కాదు. ఆమెకు చర్చికి వెళ్లాలి.

నాయనమ్మ చర్చి మొహం చూసి రెండేళ్లు దాటింది. రజాకార్ల రోజుల్లో నాన్న ఆమెను గడప దాటనివ్వలేదు. ఊళ్లో గొడవలు సద్దుమణిగేసరికి ఆమె మోకాళ్లు గొడవ మొదలుపెట్టాయి. రిక్షా ఎక్కమంటే ఎక్కదు. "సాటి మనిషి చెమటోడుస్తుంటే నేను కూర్చుని దేవుడి దగ్గరికి పోవాలా? ఏ మొహం పెట్టుకుని పోను?" అనేది. ఆదివారం చర్చి గంట వినబడగానే చాప మీద కూర్చుని, తనకు తానే పాటలు పాడుకుని, తనకు తానే ప్రసంగం చెప్పుకుని, చివరికి ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక నాన్న ఒక మెట్టు దిగారు. ఒక షరతు కూడా పెట్టారు.

"మన స్నానాల గంగాళం నిండా నీళ్లు పోసి ఆ తొట్టిలో పెట్టు. ఇక్కణ్ణించి చర్చి దాకా ఒలక్కుండా తీసుకెళ్లు. అప్పుడు మా అమ్మను ఎక్కనిస్తాను. ఒలికిందా, ఆ బండి జోలికి మళ్లీ పోకు."

"నిండుకుండ తొణకదంటారుగా నాన్నా!"

"ఆ మాటన్నవాడు మోటారు సైకిలు ఎక్కలేదు," అన్నారు నాన్న.

పొద్దున్నే పరేడ్ గ్రౌండ్‌లో చదువు మొదలైంది. మామ నా నెత్తిన మిలిటరీ ఇనుప టోపీ బోర్లించాడు. అది కళ్ల మీదికి జారుతుంటే అమ్మ లోపల తువ్వాలు మడిచి పెట్టింది. బజార్లో నన్ను చూసినవాళ్లందరూ "యుద్ధం అయిపోయింది బాబూ, ఇంటికి పో!" అని వేళాకోళం. దానికి తోడు మామ కొన్నాళ్లపాటు ఇంజను స్టార్టే చేయనివ్వలేదు. తాను వెనక నుంచి తోసేవాడు, నేను బ్రేకు వేసేవాణ్ణి.

"ఉరికించుడు ఎవలకైనా వస్తది. ముందుగాల ఆపుడు నేర్చుకో," అనేవాడు.

నా అసలు జబ్బు సైకిలు. సికింద్రాబాద్ కుర్రాళ్లందరికీ ఉన్న జబ్బే అది. మలుపు వచ్చిందంటే ఒళ్లు దానంతట అదే అటు వాలుతుంది. మూడు చక్రాల బండి వాలదు కదా! మొదటిసారి ఇంజను మీద నడిపినప్పుడు నేను హాయిగా వాలాను, బండి మాత్రం నేరుగా వెళ్లి కంచెను ముద్దు పెట్టుకుంది.

"ఏందిరా గిట్ల? సైకిల్ లెక్క వంగుతవేంది! హ్యాండిల్ తిప్పితేనే తిరుగుతదిది. జెర నిదానం. నీ కోసం ఫౌజేమన్న ఆగిందా ఆడ?" అని మామ మొత్తుకున్నాడు.

తర్వాత గంగాళం ఎక్కింది. మొదట్లో సగం నీళ్లు వీధికి, సగం నా చొక్కాకు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి మరీ చూసేవారు. "మాకు నీళ్లు దొరకవు, ఈయన నీళ్లను ఊరేగిస్తుండు!" అన్నదొకావిడ. నాకు ఒళ్లు మండేది. మండినా నేర్చుకున్నాను. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు జోలికి పోకూడదు, గేదె ఎటు పోతుందో గేదెకే తెలియదని గుర్తుంచుకోవాలి. చివరికి ఒకనాడు నాన్న చర్చి గేటు దగ్గర నిలబడి గంగాళంలోకి తొంగి చూసి, "సరే," అన్నారు. అంతకు మించి ఆయన ఎవర్నీ మెచ్చుకోరు.

ఆదివారం వచ్చింది. నాన్న, అమ్మ ముందే నడిచి వెళ్లారు. నాయనమ్మ తెల్ల చీర కట్టుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని తొట్టిలో కూర్చుంది. నేను క్లాక్ టవర్ దగ్గర ఎడమకు తిరిగాను. రోజూ గంగాళంతో తిరిగే మలుపే, అదే వేగం. పక్కకు చూస్తే, నా మోకాలి దగ్గర ఉండాల్సిన నాయనమ్మ నా భుజం ఎత్తున ఉంది.

ఎడమకు తిరిగేటప్పుడు ఖాళీ తొట్టి లేస్తుందని మామ చెప్పాడు. నాయనమ్మ కూర్చున్నాక అది ఖాళీ ఎలా అవుతుందని మామా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. హ్యాండిల్ కుడికి తిప్పాను. తొట్టి దబ్బున దిగింది. ఎదురుగా వస్తున్న జట్కావాడు ఉర్దూలో మా వంశాన్నంతా తలుచుకున్నాడు.

"నాయనమ్మా, దెబ్బ తగిలిందా?"

"పోనీరా, మొదటి పాట అయిపోతుంది."

"నాన్నతో చెప్పకే!"

"మీ నాన్నతో నాకేం పని?" అంది.

నిజంగానే నాన్నతో చెప్పలేదు. మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పేవారు. ఆ వారం దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి అందరి ముందూ చెప్పాలి. నాయనమ్మ దగ్గర రెండేళ్ల సరుకు ఉంది. గోడ పట్టుకుని లేచింది.

"రెండేళ్లకు ప్రభువు నన్ను తన మందిరానికి రప్పించాడు. అంతేనా! ఇందాక క్లాక్ టవర్ దగ్గర మా మనవడు బండి తిప్పుతుంటే, నన్ను తొట్టితో సహా ఇంతెత్తు లేపాడు. ఇక పరలోకానికే అనుకున్నాను. ఇంకా వేళ కాలేదని మెల్లగా దింపాడు. ఆయనకు స్తోత్రం!"

"స్తోత్రం!" అంది సంఘమంతా. నాన్న ఒక్కరే అనలేదు.

ఆరాధన అయ్యాక నేను బండి దగ్గర తల వంచుకుని నిలబడ్డాను. బండి పోతే పోయింది. వచ్చే ఆదివారం నాయనమ్మ మళ్లీ ఆ చాప మీద కూర్చుంటుందన్నదే నా ఏడుపు. నాన్న వచ్చారు.

"గంగాళానికి లేవని తొట్టి ఈమెకెందుకు లేచింది?" అని అడిగారు. లెక్క తప్పిన మాస్టారి గొంతు అది. ఆయన నన్ను పక్కకు జరిపి, తల్లిని తొట్టిలో కూర్చోబెట్టడానికి రెండు చేతులా ఎత్తారు. ఎత్తి, దించకుండా అలాగే ఉండిపోయారు.

"అమ్మా," అన్నారు. "ఇంత తేలికైపోయావేంటమ్మా!"

"నువ్వు ఎప్పుడైనా ఎత్తుకుంటేగా తెలిసేది," అంది నాయనమ్మ.

నాన్న కళ్లు చెమ్మగిల్లడం నేను అదే మొదటిసారి చూశాను. ఆమెను కూర్చోబెట్టి, ప్రహరీ పక్కనున్న రాళ్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి, మట్టి దులిపి ఆమె కాళ్ల దగ్గర సర్దారు. "ఇవి వచ్చే ఆదివారానికీ ఉండాలి, పారేయకు," అన్నారు నాతో. తర్వాత తొట్టి అంచు మీద చెయ్యి వేసి బండి పక్కనే నడవసాగారు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి తీయలేదు. నేను ఆయన నడకకు తగ్గట్టే నడిపాను.