డెబ్బై రెండో నంబరు అబ్బాయి

సెప్టెంబరు వచ్చిందంటే మా ఇంట్లో శనివారాలు గొడవతోనే గడుస్తాయి. గొడవ నాకూ మా ఆయనకూ మధ్య కాదు, మా ఆయనకూ ఆయన స్నేహితుడికీ మధ్య. ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశారు. టెక్సస్‌లో మేముండే కాపెల్ నుంచి అక్కడికి కారులో సగం రోజు ప్రయాణం. పాఠాలు చెప్పిన ప్రొఫెసర్లలో సగం మంది పేర్లు ఇద్దరికీ గుర్తు లేవు గానీ, ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతే మాత్రం ఆదివారం పొద్దున కూడా మొహాలు వేలాడేసుకుని తిరుగుతారు.

ఆ స్నేహితుడిది వరంగల్. నేను ఆయన్ని అన్నయ్యా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటారు. భార్య శనివారాలు కూడా హాస్పిటల్లో డ్యూటీలో ఉంటుంది కాబట్టి, పద్నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని ఆట మొదలయ్యే వేళకి మా ఇంటికి వచ్చేస్తారు. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. మా నలుగురిలో ఆట నిజంగా తెలిసింది దానికే.

నాకు ఆట అర్థమయ్యేలా చెప్పింది కూడా అదే. "ఆంటీ, బాల్ ఒక అబ్బాయి చేతికి వస్తుంది. క్వార్టర్‌బ్యాక్. ముందర ఐదుగురు పెద్ద పెద్ద వాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళు గోడ. దూరంగా రన్ చేసేవాళ్ళకి ఈ అబ్బాయి బాల్ త్రో చేయాలి. గోడ పడిపోయే ముందే చేయాలి. అంతే."

అంతే అన్నది గానీ, ఆ ఏడు మా ఇంట్లో మొదలైన వాదన ఆ 'అంతే' దగ్గరే చిక్కుకుపోయింది. జట్టుకి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు. పంతొమ్మిదేళ్ళవాడు. హైస్కూల్లో గొప్పగా ఆడాడట, పెద్ద పెద్ద కాలేజీలన్నీ రమ్మని బతిమాలాయట. తీరా ఇక్కడికి వచ్చాక ప్రతి ఆటలోనూ కింద పడటమే. బంతి చేతిలోకి రావడం, అటూ ఇటూ చూడటం, ఎవడో కొండలాంటివాడు వచ్చి మీద పడటం.

"వాడి తప్పేం లేదు," అనేవారు మా ఆయన. "కుర్రాడు బంగారం. చుట్టూ ఉన్నవాళ్ళే దండగ. ఆ గోడ చూడు, గోడా అది? తడిక. బంతి విసిరితే పట్టుకునేవాడు లేడు. ఇలాంటి వాళ్ళ మధ్య ఎవడు ఎదుగుతాడు?"

"నువ్వు ఊకో," అనేవారు అన్నయ్య. "గోడ మంచిగనే నిలవడ్తున్నది. వీడే బాల్ పట్టుకొని దిక్కులు చూస్తుండు. ఎదుగుడు ఎక్కడిది? మొదటి ఆటల ఎట్లున్నడో ఇప్పుడు గట్లనే ఉన్నడు."

ఇద్దరూ రిమోట్ లాక్కుని, ఆటని వెనక్కి తిప్పి, ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ చూసేవారు. చిత్రమేమిటంటే, ఒకే దృశ్యం చూసి ఇద్దరూ "చూశావా, నేను చెప్పలేదూ?" అనేవారు. మా ఆయన చెప్తుంటే మా ఆయన చెప్పిందే కనిపించేది. అన్నయ్య చెప్తుంటే అన్నయ్య చెప్పింది కనిపించేది. నువ్వేమంటావు అని అడిగితే పకోడీలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మనసులో మాత్రం మా ఆయన పక్షమే. కారణం ఆట కాదు. కింద పడ్డప్పుడల్లా టీవీలో ఆ కుర్రాడి మొహం దగ్గరగా చూపించేవారు. హెల్మెట్ లోపల చెమటతో, గడ్డం కూడా సరిగ్గా మొలవని మొహం. వాడి వైపు మాట్లాడేవాళ్ళు మంచివాళ్ళనీ, వాణ్ణి తిట్టేవాళ్ళు కాస్త కఠినులనీ అనుకునేదాన్ని.

అక్టోబరులో ఒక శనివారం అందరం ఆట చూడటానికే తెల్లారకముందే కారులో బయల్దేరాం. నేను స్టేడియంలో ఆట చూడటం అదే మొదటిసారి. పార్కింగ్‌లో జనం గ్రిల్లులు పెట్టి మాంసం కాలుస్తుంటే, మేం కారు డిక్కీ ఎత్తి దాని నీడలో పులిహోర తిన్నాం. లోపలికి పారదర్శకమైన సంచులు తప్ప ఏవీ రానివ్వరంటే, నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న సామానంతా ఒక ప్లాస్టిక్ సంచిలో పోసుకుని, దువ్వెనా మాత్రలూ లోకానికంతా కనిపించేలా పట్టుకుని నడిచాను.

మా సీట్లు ఎక్కడో పైన. అక్టోబరైనా ఎండ నెత్తి మాడుస్తోంది. ఆ చివర అన్నయ్య వాళ్ళ పాప, తర్వాత అన్నయ్య, తర్వాత మా ఆయన, తర్వాత నేను. నా పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. పెద్ద గడ్డి టోపీ, మెడలో బైనాక్యులర్స్. నా వైపు చూసి నవ్వి, చేతిలో ఉన్న సన్‌స్క్రీన్ ట్యూబు ఇచ్చింది. "రాసుకో, లేకపోతే రాత్రికి ఏడుస్తావు," అంది. రాసుకున్నాను. కాసేపు మాట్లాడుకున్నాం. ఈస్ట్ టెక్సస్‌లో ఏదో చిన్న ఊళ్ళో మిడిల్ స్కూలు పిల్లలకి లెక్కలు చెప్తుందట.

ఆట మొదలైంది. టీవీలో అయితే బంతి ఎటు పోతే అటు చూపిస్తారు. ఇక్కడ ఎటు చూడాలో నాకు తెలియలేదు. అందరూ లేచి అరిస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. మా క్వార్టర్‌బ్యాక్ కుర్రాడు మామూలుగానే కింద పడ్డాడు. కాసేపటికి మళ్ళీ పడ్డాడు. మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఆ సెవెంటీ టూ గాడు మళ్ళీ గేటు తీసేశాడు చూడరా! గోడలో ఎడం చివర ఉండేవాడు ఏం చెయ్యాలి, వెనక నుంచి ఎవడూ రాకుండా చూడాలి కదా! అసలు వీడికి స్కాలర్‌షిప్ ఎవడిచ్చాడు!"

"సెవెంటీ టూని ఎందుకంటవ్ రా? వాడు ఎంతసేపని ఆపుతడు? బాల్ పట్టుకొని నిలవడ్డది మీవోడు!"

"ఎంతసేపేంట్రా, ఒక్క క్షణం కూడా ఆపలేదు వాడు! సెవెంటీ టూని తీసేసి ఆ చోట కుర్చీ వేసినా నయమే!"

నా పక్కనున్నావిడ బైనాక్యులర్స్ దించింది. నా వైపు వంగి, చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగింది. "ఏమీ అనుకోకు. మీ వాళ్ళు సెవెంటీ టూ అంటున్నారు, గేట్ అంటున్నారు, స్కాలర్‌షిప్ అంటున్నారు. ఆ సెవెంటీ టూ మా అబ్బాయి. ఏమంటున్నారో చెప్తావా?"

తెలుగులో ఏం మాట్లాడుకున్నా ఇక్కడ ఎవరికీ తెలియదన్న ధైర్యంతో ఇన్నేళ్ళుగా షాపుల్లోనూ లిఫ్టుల్లోనూ నోటికొచ్చింది అనేస్తూ ఉంటాం. మన మాటల్లో ముఖ్యమైనవన్నీ ఇంగ్లీషులోనే ఉంటున్నాయని ఎప్పుడూ తట్టలేదు.

ఏం చెప్పాలి? మా ఆయన మాటలు చెప్పలేను. అందుకని అన్నయ్య మాటలు చెప్పాను. "తప్పు మీ అబ్బాయిది కాదంటున్నారండీ. క్వార్టర్‌బ్యాకే బంతి మరీ ఎక్కువసేపు పట్టుకుంటున్నాడంటున్నారు."

అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహం ఇంకా ముడుచుకుపోయింది.

"ఆ పిల్లవాణ్ణి అలా అనొద్దని చెప్పు," అంది. "వాడూ మావాడూ ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. సెలవులకి మా ఇంటికి వస్తాడు. నేను వండిపెడితే తిని గిన్నెలు కూడా కడుగుతాడు. వాడు బంతి విసరకపోవడానికి ఏవో కారణాలుంటాయి."

ఒక కుర్రాణ్ణి వెనకేసుకురావాలంటే రెండోవాణ్ణి తిట్టాలి. రెండోవాణ్ణి వెనకేసుకొస్తే మొదటివాడు దొరుకుతాడు. ఈవిడకి ఇద్దరూ కావాలి. ఇంతకాలం మంచివైపు మాట్లాడుతున్నారనుకున్న మా ఆయన, ఈ సీటులోంచి వింటే ఎంత కటువుగా ఉన్నారో!

"ఆటగాళ్ళ కుటుంబాలకి వేరే సీట్లు ఇస్తారు కదా," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇస్తారు. ఇంతకు ముందు అక్కడే కూర్చునేదాన్ని. క్వార్టర్‌బ్యాక్ వాళ్ళమ్మ నా ముందు వరుసలో ఉంటుంది. మావాణ్ణి దాటుకుని ఎవడైనా వెళ్ళి వాళ్ళబ్బాయి మీద పడినప్పుడు, ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూడదు. ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత మంచి మనిషో! అందుకే అక్కడ కూర్చోలేకపోయాను. టికెట్ కొనుక్కుని ఇక్కడికి వచ్చేశాను."

మా ఆయన చెయ్యి పట్టుకుని లాగి చెప్పేద్దామనుకున్నాను. చెప్తే ఈవిడకి తెలిసిపోతుంది, చెప్పకపోతే ఈయన మళ్ళీ అరుస్తారు. ఎటూ తేల్చుకోలేక సంచిలో ఉన్న నీళ్ళ సీసా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తాగి, మూత పెట్టి, మళ్ళీ అరవడం మొదలుపెట్టారు.

ఆట చివరికి వచ్చేసరికి స్కోరు దగ్గరదగ్గరగా ఉంది. అందరూ నిలబడ్డారు. ఈసారి నేను బంతిని చూడలేదు, డెబ్బై రెండుని చూశాను. బంతి కదలగానే వాడు వెనక్కి రెండు అడుగులు వేసి చేతులు చాచాడు. అవతలివాడు ఒక పక్కకి వస్తున్నట్టు వచ్చి రెండో పక్క నుంచి దూసుకుపోయాడు. డెబ్బై రెండు గాలిని పట్టుకున్నాడు. మా కుర్రాడు అటు చూడనే లేదు. వెనక నుంచి తగిలిన దెబ్బకి ముందుకు బోర్లా పడ్డాడు.

లేవలేదు.

అంత పెద్ద స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. డెబ్బై రెండు పరుగెత్తుకెళ్ళి వాడి పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నా పక్కనున్నావిడ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకునేంత గట్టిగా. ఆవిడ పెదవులు ఏదో గొణుగుతున్నాయి. కుటుంబాలు కూర్చునే వైపు చూస్తోందా, మైదానం వైపు చూస్తోందా తెలియలేదు. టోపీ కిందికి జారి కళ్ళకి అడ్డం పడింది.

మా ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. "ఈ సెవెంటీ..."

"ఆగండి," అన్నాను. "వాళ్ళమ్మ."

"ఎవరమ్మ?"

కళ్ళతో చూపించాను. ఆయన నా మణికట్టు మీద ఉన్న చెయ్యి చూశారు, టోపీ చూశారు. అటు తిరిగి అన్నయ్య చెవిలో ఏదో చెప్పారు. అన్నయ్య కూర్చుండిపోయారు.

డాక్టర్లు వచ్చారు. కాసేపటికి కుర్రాడు లేచి కూర్చున్నాడు. డెబ్బై రెండు చెయ్యి అందించి పైకి లాగాడు. ఇద్దరూ హెల్మెట్లు దగ్గర పెట్టుకుని ఏదో అనుకున్నారు. చప్పట్లు మోగాయి. ఆవిడ నా చెయ్యి వదిలేసి, "అయ్యో, నొప్పి పెట్టానా?" అంది. లేదన్నాను. అప్పుడు మా ఆయన నా మీదుగా వంగి ఆవిడతో, "మీ అబ్బాయి చాలా కష్టపడుతున్నాడండీ," అన్నారు. ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. "థాంక్యూ," అంది. ఆ థాంక్యూలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆట ఓడిపోయాం. ఆవిడ బైనాక్యులర్స్ సర్దుకుని, నన్ను ఒకసారి దగ్గరికి తీసుకుని, జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేదు నేను.

తిరుగు ప్రయాణంలో దారి పక్క రెస్ట్ ఏరియాలో కాసేపు ఆగి మళ్ళీ బయల్దేరాం. కారు రోడ్డెక్కగానే మా ఆయన అడిగారు, "ఆవిడకి ఏమీ అర్థం కాలేదు కదా?"

"అడిగింది. చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అన్నయ్య అన్నది చెప్పాను. దానికీ బాధపడింది."

"నేనేమన్న?" అన్నారు అన్నయ్య వెనక సీట్లోంచి. "నేను ఆమె కొడుకు దిక్కే కదా మాట్లాడిన, చెల్లె?"

"డాడీ, నువ్వు ఆమె ఇంకో కొడుకుని తిట్టావు," అంది పాప, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. జరిగిందంతా దానికి రెస్ట్ ఏరియాలోనే చెప్పాను.

తర్వాతి శనివారం అందరూ మళ్ళీ మా ఇంట్లో చేరారు. కుర్రాడు పడ్డప్పుడల్లా మగవాళ్ళిద్దరూ నా వైపు చూసి ఊరుకున్నారు. కాసేపటికి మా ఆయన ఉండబట్టలేక, "ఎడం వైపు అబ్బాయి కొంచెం జాగ్రత్తగా ఉండాల్సింది," అన్నారు, పెళ్ళివారితో మాట్లాడుతున్నంత మర్యాదగా. అన్నయ్య నవ్వాపుకోలేకపోయారు. చలికాలం వచ్చేసరికి ఇద్దరూ మళ్ళీ మామూలుగా అరుచుకోవడం మొదలుపెట్టారు. నంబరు మాత్రం పలకరు.

సీజన్ అయిపోయాక ఆ క్వార్టర్‌బ్యాక్ వేరే కాలేజీకి మారిపోతున్నాడని వార్త వచ్చింది. "చూశావా, ఇక్కడ సాయం చేసేవాడు లేకే పోయాడు," అన్నారు మా ఆయన. "చేతగాకనే పోతుండు," అన్నారు అన్నయ్య. నేనేమంటానని ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదు, లేచి వెళ్ళడానికి వంకా లేదు.

"ఏమో," అన్నాను. "నాకు తెలియడం లేదు."

పాప నా పక్కకి జరిగి కూర్చుంది. "ఇట్స్ ఓకే ఆంటీ," అంది. "నాకు కూడా తెలీదు."