కింద వాటా ఆవిడకి పచ్చడి పెట్టడం రాదు

ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే తమ్ముడి మెసేజి కనబడింది. పెద్దవయసులో మెదడు చురుగ్గా ఉండాలంటే రోజూ ఏమేం చెయ్యాలో రంగురంగుల బొమ్మలతో వివరించారు. నడక, నిద్ర, అక్రోట్లు, ఆకుకూరలు, వేళకి బీపీ మాత్రలు. ఒంగోల్లో కూర్చుని ఇలాంటివి నాకు తోసెయ్యడం వాడికి పాత అలవాటే. అప్పట్లో అమ్మ కోసం పంపేవాడు. అమ్మ పోయి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు నా కోసం పంపుతున్నాడు, అంటే వాడి లెక్కలో నేనూ ఆ పెద్దవాళ్ళలో చేరిపోయానన్నమాట. వాడి సంగతి తర్వాత చూసుకుంటాను. చివరి బొమ్మలో ఇద్దరు ముసలమ్మలు పక్కపక్కన కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్వుకుంటున్నారు. నలుగురితో కబుర్లు చెప్పండి అని కింద రాసుంది. అది చూడగానే నాకు కడుపు భగ్గుమంది. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, బొమ్మలో ముసలమ్మల మీద కుళ్ళుకునే మనిషిని ఈ గుంటూరు మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా వారు పోయాక బ్రాడీపేటలో పై వాటాలో నేనూ అమ్మా ఇద్దరమే ఉండేవాళ్ళం. ఎనభై దాటాక అమ్మకి మతిమరుపు మొదలైంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వెయ్యడం, తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతకడం. మా వీధి చివరి నరాల డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, పోయినదాన్ని తేలేం కానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చన్నాడు. వేళకి తిండి, వేళకి నిద్ర, రోజూ నడక, చెవికి మిషను, మెదడుకి పని. ఆ చివరి మాట నాకు చాలు. జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఒక మెదడుకి పని పెట్టలేనా? పొద్దున్నే అమ్మని డాబా మీద నడిపించేదాన్ని, అక్రోట్లు నానబెట్టి ఇచ్చేదాన్ని, టిఫిన్ కాగానే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఇవాళ ఏ వారం? ఇది ఏ నెల? తమ్ముడి పిల్లల పేర్లేమిటి? వందలోంచి ఏడు తీస్తే ఎంత? అమ్మ పాపం కొన్నాళ్ళు బుద్ధిగానే జవాబులు చెప్పింది. ఒకరోజు మాత్రం నాకేసి తేరిపార చూసి, "ఇవాళ ఏ వారమో నీకు తెలీదా?" అంది. తెలుసన్నాను. "తెలిస్తే నన్నెందుకు అడుగుతావే?" అంది. ఎప్పటిలాగే వందలోంచి ఏడు తియ్యమన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే కింద వాటాలోకి మిరపకాయల వ్యాపారం చేసే ఆయనా, భార్యా అద్దెకి వచ్చారు. ముస్లింలు. ఆవిడకి అరవై ఉంటాయి, ఎప్పుడూ తలమీద కొంగు, నోట్లో మాట. ఇంట్లో బస్తాలకి బస్తాలు మిరపకాయలున్నా ఆవిడకి పచ్చడి పెట్టడం రాదు. పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళ అత్తగారు పెట్టేదట, ఆవిడ పోయాక కొనుక్కు తింటున్నారట. ఒక మధ్యాహ్నం ఒక గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. గిన్నెలో పండుమిరపకాయ పచ్చడి, దాని మీద బూజు. "పిన్నీ, ఇది ఎందుకు ఇట్టా అయిందో కాస్త చూసి చెప్పవా? మా ఆయన పారబొయ్యమంటున్నాడు" అంది. కుర్చీలో కునుకుతున్న అమ్మ కళ్ళజోడు సర్దుకుని లేచి కూర్చుంది. "తొడిమలు తీసి కడిగావా, కడిగి తీశావా?" అంది. తీసే కడిగానందావిడ. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎవరు పెంచారే నిన్ను? తొడిమలు తీసి కడిగితే కాయలోకి నీళ్ళు పోవూ? తొడిమలతోనే కడిగి, తుడిచి, తడంతా ఆరాక అప్పుడు తియ్యాలి!" తమ్ముడి పిల్లల పేర్లు గుర్తులేని మా అమ్మ, ఉప్పు ఎంత, చింతపండు ఎంత, మూడో రోజు తిరగ రుబ్బేటప్పుడు మెంతిపిండి ఎంత, తడుముకోకుండా చెప్పేసింది. నేను కాఫీ కలపడానికి లేచాను. సంతోషించాలి కదా. నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఆవిడ రోజూ మధ్యాహ్నం పైకి రావడం, అమ్మ కుర్చీ పక్కన పీట వేసుకు కూర్చోవడం, ఇద్దరూ తగువులాడుకోవడం. అవును, తగువే. ఆవిడ చెప్పినట్టు చెయ్యదు, అమ్మ ఊరుకోదు. రంజాన్ నెలలో ఒకరోజు అమ్మ పచ్చడి ముద్ద చూపించి "ఉప్పు చూడవే" అంది. "రోజా ఉన్నాను పిన్నీ, పొద్దుగూకేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదు" అందావిడ. మర్నాడు అమ్మ మళ్ళీ అదే మాట అంది, ఆవిడ మళ్ళీ అదే జవాబు అప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు నవ్వుతూ చెప్పింది. నేనైతే నిన్ననే చెప్పాను కదమ్మా అనేదాన్ని. నేను పెట్టిన నియమాలన్నీ ఆవిడ చేతిలో గంగలో కలిశాయి. పడుకోవలసిన వేళకి అమ్మ కబుర్లు, అక్రోట్లు తినవలసిన వేళకి ఆవిడ తెచ్చిన మిరపకాయ బజ్జీలు. అయినా అమ్మ రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయేది, ఎవరూ గుర్తుచెయ్యకుండానే చెవి మిషను పెట్టుకుని గుమ్మంకేసి చూసేది. ఒకసారి బ్యాంకు పని చూసుకుని మెట్లెక్కుతుంటే లోపల్నుంచి అమ్మ పగలబడి నవ్వడం వినబడింది. మా నాన్న పోయాక ఆ నవ్వు నేను వినలేదు. గబగబా లోపలికి వెళ్ళాను, టీచరు వస్తే క్లాసు ఆగిపోయినట్టు నవ్వు ఆగిపోయింది. ఏమిటీ విశేషం అన్నాను. ఏమీ లేదంది అమ్మ. నేను స్నానం చేయిస్తాను, గోళ్ళు తీస్తాను, మాత్రలు మింగిస్తాను. నవ్వు మాత్రం కింద వాటా ఆవిడకా? పైగా ఆవిడకున్న అదృష్టం నాకు పట్టేది కూడా కాదు. ఆవిడకి ఏమీ రాదు. నాకు అన్నీ వచ్చు, అన్నీ అమ్మే నేర్పింది. ఇంక అడగడానికి ఏం మిగిలింది?

వేసవిలో ఆవిడ దాచేపల్లి వెళ్ళింది. అల్లుడు అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, కూతురికి నెలలు నిండాయి. పురుడూ అదీ అయ్యేసరికి రెండు నెలలు పడుతుందని చెప్పి అమ్మ చేతులు పట్టుకుని మరీ వెళ్ళింది. జాగ్రత్తగా వెళ్ళిరండి అని పైకి అన్నాను, లోపల పండగ చేసుకున్నాను. ఆ పండగ వారం కూడా నిలవలేదు. అమ్మ మధ్యాహ్నమయ్యేసరికి గుమ్మంకేసి చూడటం, "అది రాలేదే" అనడం, నేను దాచేపల్లి సంగతి చెప్పడం, మళ్ళీ కాసేపటికి అదే మాట. తర్వాత అడగడం కూడా మానేసింది. చెవి మిషను పెట్టుకోనంది, నడవనంది, పగలంతా కునికి రాత్రి మేలుకునేది. ఉన్నది కూడా నా కళ్ళముందే జారిపోతోందని భయం పట్టుకుంది. సిగ్గు విడిచి నేనూ పీట వేసుకుని, "అమ్మా, పండుమిరపకాయలో మెంతిపిండి ఎంత వెయ్యాలే?" అని అమాయకంగా అడిగాను. "నీకు వచ్చుగా" అని మొహం తిప్పుకుంది. ఇంత మరిచిపోయిన మనిషికి నాకు పచ్చడి వచ్చన్న సంగతి మాత్రం గుర్తుంది!

ఏడాదికి సరిపడా కారం పట్టించాలని ఎండుమిరపకాయలు తెప్పించాను. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే ఆ మంచం పక్కనే పీట మీద కూర్చుని తొడిమలు తీస్తున్నాను. ఘాటుకి తుమ్ములాగక, కొంగు తలమీదుగా లాగి ముక్కుకి అడ్డంగా చుట్టుకున్నాను. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. మొహం వెలిగిపోయింది. "వచ్చావుటే! ఇన్నాళ్ళూ ఏమైపోయావు?" అంది. నేనమ్మా, అని నోటిదాకా వచ్చింది. తప్పు కనబడితే దిద్దకుండా వదిలిన రోజు నా జీవితంలో లేదు. కానీ ఆ వెలుగుని నేను ఆర్పలేకపోయాను. "దాచేపల్లి వెళ్ళాను పిన్నీ, మా అమ్మాయి పురుటికి" అన్నాను. నన్ను కన్న తల్లిని పిన్నీ అని పిలిచాను.

ఇంక అమ్మ ఆగలేదు. ఆడా మగా, ఎలా ఉన్నారు, బాలింతకి ఏం పెడుతున్నారు, కారం తగ్గించమను. నెలన్నర నుంచి దాచుకున్న మాటలన్నీ కుమ్మరించింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "మా అమ్మాయి ఇంట్లో లేదుగా?" అంది. బజారుకి వెళ్ళిందన్నాను. "దానికి నువ్వంటే ఏడుపే" అంది.

"ఛ, ఊరుకో పిన్నీ."

"నీకేం తెలుసు? నువ్వొచ్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు ధనాధనా పడేస్తుంది, వినబడ్డంలా? చిన్నప్పుడూ ఇంతే. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకున్నానంటే చాలు, ఉన్న చెంబులన్నీ దొర్లించేది. నేను దానికేసి చూడాలని."

గిన్నెలు పడేస్తున్నానని నాకే తెలియదు. చెంబుల సంగతి అసలే గుర్తులేదు. "మరి చూసేదానివా పిన్నీ?" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మని నిజంగా తెలియక అడిగిన ప్రశ్న అదొక్కటేనేమో.

"చూడకుండా ఎలా ఉంటానే? చూస్తూనే ఉండేదాన్ని. చూసినట్టు తెలిస్తే ఇల్లంతా దొర్లిస్తుందని ఊరుకునేదాన్ని" అని పగలబడి నవ్వింది. మెట్ల మీద విన్న ఆ నవ్వే, ఈసారి ఎదురుగా కూర్చుని విన్నాను. కళ్ళు తుడుచుకోబోతే, "ఆ చేత్తోనా! మిరపకాయలు పట్టుకున్న చెయ్యే అది" అని కసిరింది.

తర్వాత కింద వాటా ఆవిడ మనవరాలి పేరున మిఠాయిలు పట్టుకుని వచ్చింది, మళ్ళీ పీట వేసుకుంది, మళ్ళీ తగువులు మొదలయ్యాయి. అమ్మ మరో ఏడాదిపాటు కబుర్లు చెబుతూనే బతికింది. ఆ మధ్యాహ్నం సంగతి నేను ఆవిడకి చెప్పలేదు, చెప్పను కూడా. ఆ నవ్వు కూడా ఆవిడ పేరునే వచ్చిందని ఒప్పుకోవాలంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు. కాలం మా అమ్మ దగ్గర్నుంచి వారాలు పట్టుకుపోయింది, మనవల పేర్లు పట్టుకుపోయింది, ఆఖరికి నా మొహం కూడా పట్టుకుపోయింది. నా కుళ్ళుమోతుతనాన్ని మాత్రం అరవై ఏళ్ళపాటు ముట్టుకోకుండా అమ్మ దగ్గరే వదిలేసింది.