వీపు డైలాగు

స్టూడియోలో ఆయన్ని అందరూ పెదాలాయన అంటారు. పరాయి భాష సినిమాలకు మన మాటలు రాయడం ఆయన పని. తెరమీద మనిషి పెదవులు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, కలవని చోట పడకూడదు. ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆయన పెదాలు చూస్తాడే గానీ మాట వినడు. బ్యాంకులో అంతే, బస్సులో అంతే, ఇంట్లోనూ అంతే. భార్య ఏదో చెబితే ఊఁ అంటాడు. ఏం చెప్పానో చెప్పండి అంటే నీళ్లు నములుతాడు. ఆవిడ మొదట్లో పోట్లాడింది, తర్వాత చెప్పడమే మానేసింది. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆ మహానుభావుడు సంతోషించాడు.

తెరమీద మనిషి వెనక్కి తిరిగాడంటే మాత్రం ఆయనకు చేతినిండా స్వేచ్ఛ. పెదాలు కనబడవు కనక ఏ మాటైనా కుక్కొచ్చు. దానికి డబ్బింగ్ వాళ్లలో వీపు డైలాగని పేరు. మూడేళ్ల కిందట ఒక గూఢచారి సినిమాలో, నాయకుడి పక్కనుండే బక్క అసిస్టెంటు తగలబడుతున్న గోదాం వైపు తిరిగి ఊరికే నిలబడ్డాడు. అసలు సినిమాలో వాడు కిమ్మనలేదు. పెదాలాయన వాడి వీపు మీద "అంతా మనం అనుకున్నట్టే జరుగుతోంది గురువుగారూ!" అని రాసిపారేశాడు. హాలు ఘొల్లుమంది. బస్సు చెడిపోతే కండక్టరు ఆ మాటే అన్నాడు. పరీక్ష తప్పినవాడొకడు తండ్రితో అదే అని చెంపదెబ్బ తిన్నాడు. పెదాలాయన మాత్రం ఆ రోజు నుంచి కాస్త ఛాతీ ముందుకు పెట్టి నడవడం మొదలెట్టాడు.

ఇప్పుడా సినిమాకి రెండో భాగం వచ్చింది. చూస్తూ చూస్తూ ఆయన మూతి అష్టవంకర్లు తిరిగింది. గూఢచారి అన్నవాడు గుట్టుగా ఉండాలి. వీడు వస్తున్నాడంటే మూడు వీధుల అవతలే తెలుస్తుంది. వాడి చేతిలో ఒక గొడుగుంది. అది తుపాకీ అవుతుంది, పడవ అవుతుంది, గోడకు నిచ్చెన అవుతుంది, వాన పడితే మాత్రం తెరుచుకోదు. ఇది హాస్యమట. అర్థం కానివాళ్ల కోసం అసిస్టెంటు దాన్ని రెండుసార్లు వివరిస్తాడు. విలన్ లోకాన్ని ఎందుకు నాశనం చేయాలనుకున్నాడో వాడికే గుర్తున్నట్టు లేదు. ఊళ్లు మారుతుంటాయి, కార్లు గాల్లో లేస్తుంటాయి. చివరి పోరాటం అయిపోయిందని లేవబోతే ఇంకో చివరి పోరాటం. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అంటే ఇదే మరి.

అయినా నిజం చెప్పుకోవాలి. బట్టలుతికే దుకాణంలో కొట్లాట ఒకటుంది, దానికి వంక పెట్టడానికి లేదు. నాయకుడికి వయసు మీద పడింది. తన్నబోయి మోకాలు పట్టేసి, శత్రువు భుజమే ఆసరాగా పట్టుకుంటాడు. పెదాలాయన కూడా అక్కడ ఫక్కున నవ్వి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు.

రెండోది, పెళ్లాం సీను. ఇరవై ఏళ్లుగా తాళాలు అమ్ముతున్నానని భార్యకు చెప్పి బతికాడు ఆ గూఢచారి. ఆవిడకు నిజం తెలుస్తుంది. ఏడవదు, అరవదు. సింకు దగ్గరికి వెళ్లి, అటు తిరిగి, కుళాయి విప్పి, వాడు తాగిన కప్పు కడుగుతుంది. నలభై సెకన్లు. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పెదాలాయన ఇంట్లో కూచుని, శబ్దం ఆపేసి, పెదవుల లెక్క చూసుకుంటుండగా ఆ సీను వచ్చింది. వంటింటి గుమ్మంలో ఆయన భార్య చేతిలో తుడిచే గుడ్డతో ఆగిపోయింది. ఆయన సినిమాలకు ఆవిడ ఎన్నడూ ఆగి ఎరగదు.

"ఇది బాగుంది," అంది.

"ఏది?"

"ఆవిడ అలా నిలబడ్డం. దీన్నిలాగే ఉంచండి. ఏమీ రాయకండి."

ఎన్నేళ్ల తర్వాతో ఆవిడ ఆయన్ని ఒకటి అడిగింది. ఆయనకే ఆశ్చర్యమేసి, అలవాటు మరిచి నిజంగానే విన్నాడు.

"దాని జోలికి వెళ్లను. మాటిస్తున్నా," అన్నాడు.

మర్నాడు నిర్మాత పిలిచాడు. ఆయనకు సినిమా అంటే నవ్వుల మూట, నవ్వు ఆగితే మూట విడిపోయినట్టు కంగారు.

"రైటర్ గారూ, మన 'గురువుగారూ' మాట ఎన్నిసార్లు వేశారు?"

"పదకొండు చోట్ల పడిందండీ."

"బాగుంది. మరి ఆ కుళాయి దగ్గర ఖాళీగా వదిలేశారేంటి? జనం టికెట్ కొనేది నీళ్ల చప్పుడు వినడానికా? అంత వీపు ఊరికే పోతోంది! ఆవిడ చేత కూడా అదే అనిపించండి, హాలు లేచిపోతుంది."

"అక్కడ వద్దండీ. అది... బాగుంటుంది అలాగే."

"మీకు కుదరకపోతే చెప్పండి, ఇంకొకళ్లని చూస్తా."

నేను కాకపోతే ఇంకొకడు రాస్తాడు! లోకంలో ఎన్ని వెధవ పనులు ఈ ఒక్క మాట మీద నిలబడ్డాయో ఎవరూ లెక్క తీయలేదు. పెదాలాయన సాయంత్రం దాకా గింజుకున్నట్టు నటించాడు. ఎవరి ముందంటే, తన ముందే. నిజానికి లోపల ఇంకో పురుగు తొలుస్తోంది. ఆ మాట అక్కడ పడితే నిజంగానే పేలుతుంది. అది తన మాట. చీకటి పడకముందే రాసిచ్చేశాడు.

ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోతే తెలీదులే, ఆవిడ సినిమాకి వస్తుందా పెడుతుందా అనుకున్నాడు. తీరా విడుదలయ్యాక శనివారం మధ్యాహ్నం ఆవిడ చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

"మ్యాట్నీకి వెళ్దాం. ఆ సీను పెద్ద తెరమీద చూడాలి."

ఏసీ పనిచేయదన్నాడు. తలనొప్పి అన్నాడు. టికెట్లు దొరకవన్నాడు. దొరికాయి.

బట్టలుతికే దుకాణం కొట్లాటకు ఆవిడ నవ్వింది. గొడుగుకు నవ్వలేదు. పక్కన ఆయన ముళ్ల మీద కూచున్నట్టు కూచున్నాడు. కుళాయి సీను వచ్చింది. ఆవిడ ముందుకు వంగింది. నీళ్ల చప్పుడు. కప్పు. ఆ వీపు కాస్త వణికింది. సరిగ్గా అప్పుడు చిలక పలుకుల్లా ఒక ఆడగొంతు, "అంతా మనం అనుకున్నట్టే జరుగుతోంది గురువుగారూ!" అంది.

హాలు లేచిపోయింది. ఈలలు, చప్పట్లు. నిర్మాత చెప్పింది అక్షరాలా నిజం. అంత నవ్వు సినిమా మొత్తంలో ఇంకెక్కడా రాలేదు. సిగ్గులేని పెదవులు, పెదాలాయన ఆపేలోపే సాగాయి. భార్య తెర మీంచి చూపు తిప్పి చూసింది సరిగ్గా ఆ నవ్వునే.

దారిలో ఆవిడ ఆయనకు రెండడుగులు ముందే నడిచింది. ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లింది. పొద్దున ఆయన తాగి వదిలేసిన కాఫీ కప్పు సింకులో ఉంది. కుళాయి విప్పింది.

ఆయన గుమ్మంలో నిలబడి చెప్పుకుపోయాడు. నిర్మాత మొండివాడన్నాడు. తను రాయకపోతే ఇంకొకడు రాసేవాడన్నాడు. అదంతా ఒట్టి చెత్త సినిమా, దానికింత బాధా అన్నాడు. ఆవిడ కప్పు కడుగుతూనే ఉంది. జీవితంలో మొదటిసారి ఆయనకు పెదాలు కనబడకపోతే భయమేసింది.

"ఏదో ఒకటి అను," అన్నాడు.

ఆవిడ తిరగలేదు.

"నేనెందుకు అనడం? వీపు తిప్పే ఉన్నానుగా. మీరే రాసుకోండి."