సుధక్క పిలిస్తే వచ్చే కౌజు పిట్టలు

మా చిన్నప్పుడు... శనివారం తెల్లవారుతుండగానే నాన్న కౌజు పిట్టను చేతిలోకి తీసుకుని, దాని తల రెక్క కిందికి దూర్చి, గాల్లో మెల్లగా గుండ్రంగా తిప్పేవారు. కళ్లు తిరిగి అది మత్తుగా పడుకునేది. అలాగే గడ్డి దుబ్బు కింద పెట్టి వచ్చేవారు. కాసేపటికి వేటగాళ్లు కుక్కలతో వచ్చి, దాన్ని లేపి, ఎగరగానే కాల్చేవారు...

ప్లేనో నుంచి పడమరకి చాలాసేపు డ్రైవ్ చేస్తే వచ్చే ఫామ్ అది. వేట కోసమే అక్కడ పిట్టల్ని పెంచేవారు. కోళ్ల పెంపకం చదవడానికి గుంటూరు నుంచి టెక్సస్ వచ్చిన నాన్న దానికి మేనేజర్. ఓనర్‌ని అందరం మిస్టర్ రే అనేవాళ్లం. అమ్మ, నాన్న, సుధక్క, నేను... షెడ్ల పక్కనే చిన్న ఇంట్లో ఉండేవాళ్లం.

హీట్ లాంపుల కింద బొటనవేలంత పిల్లలు, రంపపు పొట్టు వాసన... ఎంత ముద్దొచ్చేవో! కాస్త ఎదిగాక ఒకదాన్నొకటి పొడుచుకు చంపుకోకుండా, కాలే బ్లేడుతో వాటి ముక్కు కొసలు కత్తిరించేవారు. ఆ కమురు వాసన నాన్న చొక్కాలకి పట్టేసేది. అమ్మ వాటిని విడిగా ఉతికేది.

అసలు తమాషా సాయంత్రాల్లో ఉండేది. గురి తప్పి బతికిన పిట్టల కోసం ఎవరూ వెతికేవారు కాదు. పొలం మధ్యలో చిన్న చెక్క గూడు... అందులో కొన్ని పిట్టల్ని వదలకుండా ఉంచేవారు. పొద్దు వాలగానే అవి పిలవడం మొదలుపెట్టేవి. ఒంటరిగా ఉండలేని జాతి కదా... బయటవన్నీ ఆ పిలుపు విని, గడ్డిలోంచి నడుచుకుంటూ వచ్చి, సన్నటి వల దారిలోంచి వాటంతట అవే లోపలికి దూరేవి. దూరడానికే ఆ దారి, బయటికి రావడానికి కాదు. మళ్లీ శనివారం... మళ్లీ గడ్డిలోకి.

ఒకసారి రెక్కకి దెబ్బ తగిలిన పిట్ట ఒకటి ఆ రెక్కను నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి మరీ లోపలికి దూరింది. ఆ రోజు సుధక్క అన్నం ముట్టలేదు.

“డాడీ, బతికినవాటిని వదిలేయొచ్చు కదా?” అంది.

“వదిలేస్తే ఎక్కడికెళ్తాయమ్మా? తిండి వెతుక్కోవడం కూడా రాదు వాటికి.”

“నేర్చుకుంటాయి. వైల్డ్ బర్డ్స్ కదా!”

నాన్న నవ్వారు. “పేరుకే వైల్డ్. మన షెడ్డులో పుట్టినవే అవి.”

తర్వాతి శనివారం వేటగాళ్లు వెళ్లిపోయాక, అక్క ఇంట్లో దుప్పట్లన్నీ మోసుకెళ్లి ఆ గూడు చుట్టూ బిగించి కప్పేసింది. చీకటి పడిపోయిందనుకుని లోపలి పిట్టలు నోరు మూసేశాయి. అక్క పరిగెత్తుకుంటూ వచ్చి, “ఇవాళ వాటిని ఎవరూ పిలవరు. దే ఆర్ ఫ్రీ!” అని నా చెవిలో చెప్పింది. ఇద్దరం గెంతులేశాం.

బయటి పిట్టలే చాలాసేపు పిలిచాయి... జవాబు లేదు. పిలుస్తూనే ఉన్నాయి. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి విన్నాం. ఒక్కొక్కటే ఆగిపోయాయి. తర్వాత ఉత్తరపు గాలి లేచింది. వాన పడుతూనే గడ్డకట్టింది.

మర్నాడు ఆదివారం. ప్లేనోలో తెలుగు చర్చికి వెళ్లడానికి తయారై ఉన్నాం. నాన్న దుప్పట్లు తీసుకొచ్చి వాకిట్లో పడేశారు. మా ఇద్దర్నీ ట్రక్కు ఎక్కించి పొలంలోకి తీసుకెళ్లారు.

కౌజు పిట్టలు చలికి తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా ఒదిగి పడుకుంటాయి. అలాగే ఉన్నాయి... ఒంటి నిండా గాజు పూసినట్టు మంచు. నాన్న బకెట్ అక్క చేతికిచ్చారు.

“తియ్యమ్మా.”

అక్క ఒకదాన్ని ఎత్తితే పక్కవి కూడా అతుక్కుని లేచాయి.

“డాడీ... ఐ థాట్...”

“ముందు తియ్యి.”

ఒకటి ఇంకా కన్ను ఆడిస్తోంది. నాన్న దాని మెడ పట్టుకుని ఒక్క మెలిక తిప్పి బకెట్లో వేశారు.

అంతలో మిస్టర్ రే వచ్చాడు. సంగతి విని పగలబడి నవ్వాడు. పోతే పోయాయి, షెడ్డులో కావలసినన్ని ఉన్నాయని అక్క తల నిమిరాడు. అప్పటిదాకా ఏడవని అక్క అప్పుడు ఏడ్చింది.

ఇంటికొస్తే అమ్మ, “చేతులు సబ్బుతో కడుక్కోండి, చర్చికి లేటవుతోంది” అంది. ఆ రోజు చర్చిలో అక్క పాడలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అక్కే ఆ గూడు దగ్గరికి వెళ్లేది. పెదాలు గుండ్రంగా చుట్టి, వాటిలాగే ఈల వేయడం నేర్చుకుంది. చలికాలం అయ్యేసరికి, లోపలి పిట్టల కంటే అక్క ఈలకే బయటవి ముందు వచ్చేవి. గడ్డిలోంచి నమ్మకంగా నడుచుకుంటూ... ఆమె కాళ్ల దాకా.

“నీకు జాలి లేదా అక్కా?” అని అడిగాను.

“బయట ఒక్క రాత్రికి చచ్చిపోతాయి. ఇక్కడైతే శనివారం దాకా ఉంటాయిగా” అంది, తలుపు గడియ పెడుతూ. అప్పటికి అక్క ఇంకా మిడిల్ స్కూల్లోనే ఉంది.

ఇప్పుడక్క పిస్కాటవేలో ఉంటోంది. నేను ఫ్రిస్కోలో. మొన్న వీడియో కాల్‌లో మా అమ్మాయి, “పెద్దమ్మా, ఆ బర్డ్ విజిల్ ఒక్కసారి వెయ్యవా?” అని అడిగింది. “మర్చిపోయాను నాన్నా” అంది అక్క. వెంటనే మాట మార్చేసింది...

మీ చిన్నప్పుడు కాపాడదామని వెళ్లి మీ చేతులతోనే పోగొట్టుకున్న ప్రాణి ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... మా పిల్లలకి అలాంటిది లేదు. చచ్చిన పిచ్చుక పెరట్లో కనిపిస్తే, వాళ్లు నిద్ర లేచేలోపే తీసి పడేస్తున్నాను.