ఉల్లిపొట్టు రంగు, నాలుగు గళ్ల ఫారం

డ్రైక్లీనింగ్ షాపాయన చిన్నకూతురిని ఇంట్లో అందరూ తికమక అనే పిలిచేవారు. చిన్నప్పుడు కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని బడికి వెళ్లొచ్చినందుకు అక్క పెట్టిన పేరది. డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక కాలేజీవాళ్లు చేతిలో ఒక ఫారం పెట్టారు. ఆ రోజు, అక్క పేరు సరిగ్గానే పెట్టిందనిపించింది.

ఫారంలో నాలుగు గళ్లు. కెమిస్ట్రీ ఆనర్స్, ఇండస్ట్రియల్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, టీచర్ శిక్షణతో కలిపి కెమిస్ట్రీ. ఒక్కదానికే టిక్కు పెట్టాలి. సెలవులు ముగిసేలోగా ఇచ్చెయ్యాలి.

మందుల కంపెనీలో పనిచేసే బాబాయి, "కళ్లు మూసుకుని ఇండస్ట్రియల్ తీసుకోమ్మా" అన్నాడు. అక్క బయోకెమిస్ట్రీ అంది. అమ్మేమో, "టీచరైతే సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటావు" అంది. నాన్న ఇస్త్రీ ఆపకుండానే, "నాకు మరకల సంగతి తెలుసుగానీ చదువుల సంగతి తెలీదమ్మా" అని తేల్చేశాడు. ఎవరు చెబుతుంటే వాళ్ల మాటే నిజమనిపించేది ఆ పిల్లకి.

చివరికి కెమిస్ట్రీ మేడమ్ దగ్గరికి వెళ్లింది. ఆవిడ ఫారం వంక చూడనైనా లేదు.

"ఈ సెలవుల్లో నా దగ్గర ప్రాజెక్టు చెయ్యి. ఉల్లిపొట్టు నుంచి రంగు తీసి, పటిక వేసి, నూలు గుడ్డకి పట్టించాలి."

"పరిశోధనంటే ఎమ్మెస్సీ వాళ్లు కదా మేడమ్ చేసేది?"

"వాళ్లూ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా!"

మొదటి వారం గుడ్డ బంగారు పసుపులో మెరిసింది. రెండో వారం అదే తూకం, అదే వేడి, అంతే సమయం. అయినా గుడ్డ పాచిరంగుకు తిరిగింది. మూడో వారం మళ్లీ పసుపు, నాలుగో వారం మళ్లీ పాచి. నోటుబుక్కు పదిసార్లు తిరగేసింది. తప్పెక్కడుందో అంతు చిక్కలేదు. మానేద్దామనుకుని, గుడ్డముక్కలన్నీ షాపులో బల్ల మీద కుమ్మరించింది.

నాన్న ఒక ముక్క తీసి వెలుతురుకి పట్టాడు. "దీనికి ఇనుము తగిలినట్టుందే! తుప్పు మరక మీద టీ ఒలికినా ఇలాగే రంగు ముదురుతుంది."

మర్నాడు తను వాడే నీళ్లు ఎక్కడివని ల్యాబ్ అటెండర్‌ని అడిగింది. "డిస్టిల్డ్ వాటర్ యంత్రం మొరాయించిన రోజున క్యానులో కుళాయి నీళ్లే పోస్తున్నానమ్మా. ఎవరూ అడగలేదుగా!" అన్నాడాయన, అదేమంత విశేషం కానట్టు. ఆ నీళ్లలో ఇనుమును పట్టిచ్చే ద్రావణం రెండు చుక్కలు వేసింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

మేడమ్ తల పట్టుకుని కూర్చుంది. "ఇన్నాళ్లూ పిల్లల ప్రాక్టికల్స్‌కీ ఇవే వాడామా?"

"అయితే నా ప్రాజెక్టు పోయినట్టేనా మేడమ్?"

"ఎందుకు పోతుంది? ఎంత ఇనుముంటే రంగు ఎంత మారుతుందో ఇప్పుడు కొలువు."

మిగిలిన రెండు వారాలూ అదే పని. అన్నం మాట కూడా గుర్తుండేది కాదు. ఆఖరి రోజున ఆఫీసు కిటికీ ముందు నిలబడి ఆనర్స్‌కి టిక్కు పెట్టింది. మూడో ఏడాదిలో ప్రాజెక్టు దానికొక్కదానికే ఉంది మరి.

"ఖాయమేనా? తర్వాత మార్చడం కుదరదు" అన్నాడు గుమాస్తా.

"తెలీదండీ. పెట్టేశాను."

"చేతికందే ఉద్యోగాన్ని కాలదన్నావు" అని బాబాయి విసుక్కున్నాడు. నాన్న మాత్రం, "ఇంతకీ ఇది చదివితే ఏమవుతావు?" అని మెల్లగా అడిగాడు. కాలేజీ తెరిచాక క్వాంటమ్ పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తప్పు గడిలో టిక్కు పెట్టానేమోనని బెంచీ మీద బిక్కమొహం వేసుకుని కూర్చుంది. గంట కొట్టగానే పుస్తకం మూసి, అర్థం కానివన్నీ ఒక కాగితం మీద రాసుకుని మేడమ్ గదివైపు నడిచింది.